ఇద్దరు కలిసి చేసిన లెక్క

అల్లూరు దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఒక ఊరి హైస్కూల్లో నేను లెక్కల టీచర్ని. పదో తరగతి పిల్లల్ని నలుగురేసి ఎదురెదురుగా కూర్చోబెట్టి, లెక్కను వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుని తేల్చమనడం నాకు అలవాటు. గోల ఎక్కువైందని పక్క తరగతి మాస్టారు విసుక్కునేవారు. అయినా మానలేదు.

ఆ ఏడు ఒక గుంపులో ఇద్దరు ఆడపిల్లలుండేవారు. ఒకమ్మాయి మా ఊరి పాస్టరు గారి కూతురు. పొందిగ్గా రాస్తుంది, సూత్రాలన్నీ నోటికి వచ్చు. రెండో అమ్మాయి తల్లి రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేస్తుంది. ఈ పిల్లది కోడి గెలికినట్టుండే రాత. నోరు మాత్రం ఊరుకోదు.

ఒకరోజు బోర్డు మీద నాలుగు మూలల రొయ్యల గుంట గీశాను. "గట్టు చుట్టూ కట్టే వల పొడవు మారదు. గుంటను పొడుగ్గా తవ్వినా, వెడల్పుగా తవ్వినా లోపలి వైశాల్యం ఒకటేనా?" అని అడిగాను.

"చుట్టుకొలత ఒకటే గదా మేడం, వైశాల్యమూ ఒకటే" అంది పాస్టరు గారమ్మాయి. క్లాసంతా తలూపింది.

"కాదు మే" అంది రెండోది, ఎదురుగా ఉన్న స్నేహితురాలితో. "కాలవ మాదిరి సన్నంగా లాగినామనుకో. ఇంకా లాగినాం. రెండు గట్లూ అంటుకొనిపోయినాయి. అప్పుడు నీళ్ళు యాడ నిలుస్తాయి?"

పాస్టరు గారమ్మాయి పెన్ను తీసి, ఒక భుజాన్ని ఎక్స్ అనుకుని రాయడం మొదలుపెట్టింది. మెట్టు మెట్టుకీ రెండోది అడ్డం పడేది. "ఈడ మైనస్ ఎట్ట వచ్చింది? ఎందుకు వచ్చింది?" జవాబు చెప్పేటప్పుడే రాసే పిల్లకు తన తప్పు కనబడి కొట్టేసేది. చివరికి, నాలుగు పక్కలూ సమానంగా ఉన్నప్పుడే చోటు ఎక్కువని ఇద్దరూ తేల్చారు. నేను నోరు విప్పే పనే లేకపోయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత సంతోషం నాకు తక్కువసార్లు కలిగింది.

పబ్లిక్ పరీక్షలు దగ్గరయ్యాక బెంచీలు వరసల్లోకి మారాయి. ఎవరి పేపరు వాళ్ళదే. రెండో అమ్మాయి ప్రశ్న చదివి, రెండు ముక్కలు రాసి ఆగిపోయేది. పక్కకు పిలిచి అడిగితే నోటితో చెప్పేది.

"ఇప్పుడు చెప్పినావే, అదే రాయమ్మా."

"కాయితానికి ఎట్ట చెప్పేది మేడం? అది తిరిగి మాట్లాడదు గదా."

నవ్వించడానికి అనలేదు. నిజంగానే అడిగింది. మెట్లు కంఠతా పట్టించాలని చూశాను. అర్థం కానిదాన్ని ఆ పిల్ల మనసు పట్టి ఉంచేది కాదు.

ఫలితాలు వచ్చాయి. పాస్టరు గారమ్మాయికి లెక్కల్లో మంచి మార్కులు. రెండో అమ్మాయి లెక్కల్లో ఫెయిల్. ఆ మంచి మార్కుల్లో ఈ పిల్ల వాటా ఎంతో నాకు తెలుసు. తెలిసి ఏం చేయగలను? హెడ్‌మాస్టరు గారితో చెబితే, "నిజమే మేడం, ఇద్దరికీ కలిపి ఒక పేపరు ఇయ్యరు గదా" అన్నారు. ఆయన మాటలో ఎగతాళి లేదు.

రెండో అమ్మాయి వాళ్ళ ఇంటికి వెళ్ళాను. "సప్లిమెంటరీ రాయిస్తాలే మేడం" అంది తల్లి. అంటూనే, ఊరికే ఇంట్లో ఎందుకని తనతో షెడ్డుకు తీసుకుపోతున్నానని చెప్పింది.

సాయంత్రాలు ఆ పిల్లను మా ఇంటికి రమ్మన్నాను. అప్పటికే పాస్టరు గారమ్మాయి నెల్లూరులో కాలేజీ హాస్టల్‌కు వెళ్ళిపోయింది. ఆమె చోట నేను ఎదురుగా కూర్చున్నాను. తెలియనట్టు తప్పు మెట్టు చెప్పి, ఈ పిల్ల అడ్డం పడుతుందని చూశాను. పెన్ను కింద పెట్టేసింది.

"మీకు ముందే తెలుసు గదా మేడం. తెలిసినోళ్ళను ఏమని అడిగేది?"

నాలుగు రోజులు వచ్చి మానేసింది. పరీక్షకు వెళ్ళింది గానీ గట్టెక్కలేదు.

దసరా సెలవులకు ఊరికి వచ్చి, తిరిగి హాస్టల్‌కు వెళ్ళే రోజు పాస్టరు గారమ్మాయి నన్ను చూడటానికి వచ్చింది. చిక్కిపోయింది. "ఆడ కాలేజీలో పక్కనోళ్ళతో మాట్లాడకూడదు మేడం. చేసిందే చేయాల. తప్పు యాడ పోయిందో తెలీదు" అంది. నీ స్నేహితురాలిని కలిశావా అని అడిగాను. "కుదర్లేదు మేడం. పొద్దున్నే షెడ్డు ఆటోలో పోతుండాది. ఆదివారం కూడా పనే అంట." చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. తల నిమిరాను. మంచినీళ్ళిచ్చి, నెల్లూరు బస్సు టైమయిందంటే రోడ్డు దాకా వెళ్ళి ఎక్కించి వచ్చాను.