సూది కంటే ముందే

అమ్మ రొమ్ములోని గడ్డకు సూది పరీక్ష చేస్తున్నప్పుడు నేను కళ్లు మూసుకోలేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. బరంపురంలో డాక్టరమ్మ మొద్దుబారే మందిచ్చి, స్కాన్ తెర చూస్తూ సూది దించింది. గడ్డలోకి సన్నటి తెల్లగీత వెళ్లింది. చంకలో వాచిన బిళ్లలు, జబ్బు పాకిన గుర్తులు, సూది దించకముందే తెరమీద కనిపించాయి. అమ్మ 'ఇస్' అని కూడా అనలేదు. మధ్యాహ్నానికి ఇంటికి గంజాం బస్సెక్కాం.

క్యాన్సరేనని తేలింది. అమ్మ చివరి రోజుల్లో పిన్ని మంచం పక్కన ఏడ్చింది. "సూదెట్టబట్టే పాకిపోనాదే అక్కా!"

బిళ్లల సంగతి చెప్పబోయాను. చేపల గంప మోస్తూనే, సూదికి ముందు ఏడాదిపాటు ఎవరికీ చెప్పకుండా గడ్డకు సున్నం, బెల్లం పట్టువేసుకున్న అమ్మ నా చెయ్యి పట్టుకుంది. అమ్మ ఆఖరుగా అన్న మాటలివే:

"సూదినేటీ అనకండే. నానే దాసుకున్నాను. నీకేటైనా సేతికి తగిల్తే దాయకమ్మీ, ఎంటనే ఎల్లు."