ఫైళ్లమ్మ కంప్యూటరు

ప్లగ్గు మేష్టారంటే ఆ పేటలో తెలియని ఆఫీసు లేదు. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పిన మనిషి కాదు. కంప్యూటరు పనిచెయ్యడం లేదని ఎవరు ఫోను చేసినా "ముందు ప్లగ్గు పెట్టారో లేదో చూడండి" అని మొదలుపెట్టేవాడు కాబట్టి ఆ పేరొచ్చింది. పదిసార్లలో ఆరుసార్లు ప్లగ్గే ఊడి ఉండేదనుకోండి, అది వేరే సంగతి. చిన్న చిన్న ఆఫీసుల్లో పదీ పదిహేను కంప్యూటర్లని కలుపుతూ తీగలు లాగడం, ఎవరి పాస్‌వర్డ్‌తో వాళ్లు లోపలికి వెళ్లేలా చెయ్యడం, చెడితే బాగుచెయ్యడం, ఇరవై రెండేళ్లుగా అదే ఆయన బతుకుతెరువు. "ఊళ్లో యంత్రాలన్నీ మీ మాట వింటాయట, మనింట్లో ఫ్యానుకి మాత్రం మీరంటే లెక్కలేదు" అని భార్య దెప్పుతుండేది.

నెమ్మదస్తుడు, పనిమంతుడు. ఒక్కటే లోపం. చేసిన పని ఏదీ కాగితం మీద రాసిపెట్టుకోడు. ఎవరైనా అడిగితే "అంతా ఇక్కడుంది" అని కణత మీద వేలితో కొట్టి చూపించేవాడు. అక్కడ ఏముందో ఏం లేదో తెలిసేసరికి ఒక ఆడమనిషి పరువు కాస్తా పోయింది.

ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసొకటి ఉంది. రెండో అంతస్తులో రెండు గదులు, తొమ్మిది కంప్యూటర్లు. యజమాని ఇంజనీరు గారు. ఆయనకో వింత తగులుకుంది. మధ్యాహ్నం ఇంటికెళ్లి భోజనం చేసొచ్చి కూర్చుంటే, ఆయన కంప్యూటరు ఆయన్నే లోపలికి రానివ్వడం లేదు. తప్పుడు పాస్‌వర్డ్ చాలాసార్లు కొట్టారు, మీ పేరుకి తాళం వేశాం, అని తెరమీద వస్తోంది. వారం రోజులుగా రోజూ ఇదే వరస.

"నేను ఇంట్లో అన్నం తింటుంటే ఇక్కడ కొట్టిందెవరండీ?" అని మండిపడ్డాడు ఇంజనీరు గారు.

ఆయన కోపానికి కారణం లేకపోలేదు. అంతకు కొద్దిరోజుల ముందే, ఆయన గీసిన ప్లాను ఒకటి గీతకి గీత పక్కవీధి ఆఫీసులో కనిపించింది. ఎవరో దొంగిలిస్తున్నారన్న అనుమానంతో పాస్‌వర్డ్ మార్చాడు. మార్చిన మర్నాటి నుంచే ఈ తాళం గోల.

ఎవరి పేరుతో, ఎప్పుడు, ఏ కంప్యూటరు నుంచి లోపలికి రాబోయారో సర్వరు అంతా రాసిపెట్టుకుంటుంది. ప్లగ్గు మేష్టారు ఆ చిట్టా తెరిచాడు. రోజూ సరిగ్గా ఒంటిగంటా పది నిమిషాలకి, ఇంజనీరు గారి పేరుతో, తప్పు పాస్‌వర్డ్‌తో, అయిదు ప్రయత్నాలు. అన్నీ ఒకే కంప్యూటరు నుంచి. అది ఫైళ్లమ్మది.

ఫైళ్లమ్మ అంటే ఆ ఆఫీసులో పద్నాలుగేళ్లుగా ఫైళ్లు చూసే ఆవిడ. ఏ ఇంటి ప్లాను ఏ బీరువాలో ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పేది. భోజనాలవేళ అందరూ బయటికి పోతారు. ఆవిడొక్కతే తన బల్ల దగ్గరే డబ్బా విప్పుకుని, ఎవరైనా ఫోను చేస్తే ఎత్తుతూ తినేది. అంటే ఒంటిగంటా పదికి ఆఫీసులో ఉండే మనిషి ఆవిడ తప్ప ఇంకెవరూ కాదు.

"ఈ కంప్యూటరు నుంచేనండీ" అన్నాడు ప్లగ్గు మేష్టారు, అందరి ముందూ, తెరమీద వేలుపెట్టి. అన్నీ అతికినట్టు సరిపోయాయి. పోలీసు ఇన్‌స్పెక్టరు దొంగని పట్టినంత సంబరం ఆయన గొంతులో. ఆ సంబరం తల్చుకుంటే ఇప్పటికీ ఆయనకి సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

ఆవిడ లేచి నిలబడింది. "నేను కాదన్నయ్యా. నాకు ఆ పాస్‌వర్డ్‌తో ఏం పని? ఇంకోసారి చూడు" అంది.

"మనుషులు అబద్ధం చెప్తారు గానీ చిట్టా చెప్పదు కదమ్మా" అన్నాడాయన. ఇంకోసారి చూడలేదు.

ఆ సాయంత్రమే ఆవిణ్ని రేపట్నుంచి రావద్దన్నారు. ఆవిడ కంప్యూటరుకి ముసుగేసి మూలన పెట్టారు. మర్నాటి నుంచి తాళం పడటం ఆగిపోయింది. ఇంకేం, అందరికీ నమ్మకం రాయిలా కుదిరింది.

అయిదు నెలలయ్యాక ప్లాన్లు గీసే కొత్తాయన చేరాడు. మూలనున్న కంప్యూటరు దులిపి ఆయనకిచ్చారు. ఆ మధ్యాహ్నం భోజనం చేసొచ్చిన ఇంజనీరు గారి పేరుకి మళ్లీ తాళం పడింది. ఒంటిగంటా పదికి ఆ కొత్తాయన, కంప్యూటరు ఆపకుండానే వెళ్లి, ఇంజనీరు గారి ఇంట్లోనే, ఆయన పక్కనే కూర్చుని భోంచేస్తున్నాడు.

ప్లగ్గు మేష్టారు వచ్చి ఈసారి కంప్యూటరు లోపల వెతికాడు. పావుగంటలో దొరికింది. రోజూ ఒంటిగంటా పదికి ప్లాన్లన్నిటికీ నకలు తీసి సర్వరులో దాచమని ఎవరో దానికి పని అప్పజెప్పారు. ఇంజనీరు గారి పేరుతో, పాత పాస్‌వర్డ్‌తో. తలుపు తెరుచుకోకపోతే అయిదుసార్లు ప్రయత్నించమన్నారు కూడా. పాస్‌వర్డ్ మారిందని దానికేం తెలుసు పాపం, రోజూ వెళ్లి తలుపు కొడుతోంది. ఆ పని అప్పజెప్పిన తేదీ నాలుగేళ్ల కిందటిది. అప్పజెప్పింది ఎవరో కాదు, తనే.

ఒక్కసారిగా అంతా గుర్తొచ్చింది. నకలుకని వేరే పేరు సృష్టించే ఓపిక లేక, ప్రస్తుతానికి కానిద్దాంలెమ్మని ఇంజనీరు గారి పేరే వాడేశాడు. భోజనాలవేళ అయితే ఎవరి పనికీ అడ్డుండదనుకున్నాడు. ఆ వేళకి ఆపకుండా ఉండే కంప్యూటరు ఏదని చూస్తే, బల్ల వదలని మనిషి ఫైళ్లమ్మ ఒక్కతే. ఆవిడ పనిలో ఉన్న శ్రద్ధ చూసే ఆ కంప్యూటరుని ఎంచుకున్నాడు.

లేచి ఇంజనీరు గారి గదిలోకెళ్లి నిజం చెప్పేశాడు. ఆయన పెన్నుకి మూత పెట్టేశాడు.

"ఆ ప్లాను పక్కవీధి ఆఫీసులో చూపించుకొచ్చింది కూడా ఇల్లు కట్టించుకునే ఆసామేనట. మొన్న తెలిసింది. అయిపోయిందేదో అయిపోయింది. ఇప్పుడు తవ్వుకుని ఏం లాభం?" అన్నాడు.

ప్లగ్గు మేష్టారికి ఆ మాట మింగుడుపడలేదు. అక్కణ్నుంచి అటే ఫైళ్లమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. ఆవిడే తలుపు తీసింది. కూర్చోమంది. ఆయన కూర్చోలేదు. మెట్లెక్కుతూ కూడగట్టుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"నువ్వు కాదు చెల్లెమ్మా, నేనే. నాలుగేళ్ల కిందట పెట్టి మర్చిపోయాను. నన్ను ఏమన్నా అను" అన్నాడు.

ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"నేను కాదని నాకు తెలుసు కదన్నయ్యా. నాకు కొత్తగా ఏం చెప్తావు? లోపల మా ఆయనున్నారు, ఆయనకి చెప్పు" అంది. మళ్లీ గొంతు తగ్గించింది. "తిట్టలేదు, కొట్టలేదు. ఏదో బుద్ధి గడ్డితిని చేసుంటావు, నేను క్షమించేశానులే అన్నారు ఆ రోజే. చెయ్యని తప్పుకి క్షమించిన మనిషికి ఎదురుగా రోజూ కూర్చుని అన్నం తినడం ఎలా ఉంటుందో నీకు తెలియదు."

భర్త బయటికొచ్చాడు. బస్సు డ్రైవరు, పొద్దుటి డ్యూటీ దిగి పడుకున్నట్టున్నాడు. ప్లగ్గు మేష్టారు మొదట్నుంచి చివరిదాకా ఒక్కటీ దాచకుండా చెప్పాడు. ఆయన గోడకి చేరబడి అంతా విన్నాడు. విని భార్య వైపు తిరిగాడు.

"మరి నువ్వు చెయ్యలేదని నాతో చెప్పలేదేం?"

"చెప్పాను" అందావిడ.