ఒకే వరుసలో రెండు అయిదులు

ఆ వానాకాలమంతా మేం మొగుడూపెళ్ళాలం మాట్లాడుకున్నది పేపర్లోని సుడోకుతోనే. కొత్తగూడెంలో రెండు గదుల కిరాయి ఇల్లు. ఆయనది బొగ్గుగనిలో రెండో షిఫ్టు. మధ్యాహ్నం పోయి ఇల్లు చేరేసరికి నేను నిద్రలో ఉండేదాన్ని. పొద్దున్నే నేను చండ్రుగొండ వైపు బడికి బస్సెక్కేసరికి ఆయన నిద్రలో ఉండేవాడు. ఆదివారాలు నా బట్టల ఉతుకుడుకూ ఆయన ఒళ్ళునొప్పులకూ చాలేవి కావు.

సుడోకు అప్పుడప్పుడే పేపర్లలో మొదలైంది. అడ్డంగా చూసినా నిలువుగా చూసినా, తొమ్మిదేసి గళ్ళ పెట్టెల్లో చూసినా, ఏ అంకె కూడా రెండుసార్లు రాకూడదు. టీ మరిగేలోపు నేను కొన్ని గళ్ళు నింపి పేపరు బల్ల మీద పెట్టి వెళ్ళేదాన్ని. లేచాక ఆయన ఇంకొన్ని నింపేవాడు. సాయంత్రం మిగిలినవి నావి. పెన్నుతోనే రాయాలి, కొట్టివేతలు ఉండకూడదు. నేను లెక్కల టీచర్ని, అయినా తప్పులన్నీ నావే. ఆయన రాతకు వంక పెట్టే అవకాశం ఎప్పుడూ దొరకలేదు. పైకి అనకపోయినా నాకది కుళ్ళుగానే ఉండేది.

అలాంటిది ఒక సాయంత్రం చూస్తే ఒకే వరుసలో రెండు అయిదులు. బడి, బస్సు, వంట అన్నీ అయ్యాక నాకు మిగిలే సుఖం అదొక్కటే, అదీ చెడగొట్టాడని ఒళ్ళు మండింది. మర్నాడు రెండు మూడులు. ఆ మర్నాడు మళ్ళీ తప్పు. అప్పుడు కోపం పోయి భయం పట్టుకుంది. ఇంట్లో కూర్చుని అంకెలే సరిగా కనబడనంతగా అలిసిపోయిన మనిషి, గనిలోకి దిగి ఏం చేస్తున్నాడో?

పొద్దున్నే, ఎన్నడూ లేనిది, భుజం పట్టి కుదిపి లేపాను. ముందురోజు పేపరు మొహం ముందు పెట్టాను.

"గిదేంది? పాణం బాగలేదా? దవాఖానాకు పోదామా?"

ఆయన పేపరు వైపు చూడనైనా లేదు. "మంచిగనే ఉన్న. కావాల్ననే తప్పు రాసిన."

"ఎందుకు?"

"చీటి రాసిపెడ్తే సదువుకొని బడికి పోతవ్. తప్పు రాస్తే తిట్టనీకన్నా లేపుతవనుకున్న. ఇన్ని రోజులు పట్టింది నీకు."

నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మంచం మీద కూలబడ్డాను. వీధి చివర నా బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. పోతే పోయిందిలే అనుకున్నాను. ఆయన లేచి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వారాల తరబడి మాటలు పోగుపడి ఉంటాయనుకున్నాను. తీరా ఎదురెదురుగా కూర్చున్నాక, ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తోచలేదు.