తన వెలిని తానే చాటిన సామేలు

సామేలును ఊరు వెలివేసింది. ఆ సంగతి చాటింపు వేయాలి. ఊళ్లో డప్పున్నది సామేలు దగ్గరే. పెద్దమనుషులు కాసేపు గడ్డాలు గోక్కుని, చివరికి అతన్నే పిలిచారు.

"ఇనుండ్రయ్యో! సామేలు ఇంటికి నిప్పియ్యద్దు, నీళ్లియ్యద్దు, ఎవలు మాట్లాడద్దు!"

తన పేరు దగ్గర గొంతు తగ్గించాలో పెంచాలో తెలియక పెంచాడు. ఇంటికొస్తే భార్య రత్నమాల గడపలోనే ఆపింది.

"మరి నేను మాట్లాడొచ్చునా? గది జెప్పకపోతివి."

అవి మల్లాపూర్ చుట్టుపక్కల రాత్రి నక్సలైటు అన్నలూ పగలు పోలీసులూ తిరిగే రోజులు. అన్నలకు అన్నం పెట్టాడని ఊరిపెద్ద రామస్వామి పటేలు తమ్ముణ్ని పోలీసులు పట్టుకుపోయి చావబాదారు. డప్పు పట్టుకుని పదూళ్లు తిరిగేది సామేలే కాబట్టి, పోలీసులకు సమాచారమిచ్చిందీ అతనే అన్నారు. ఇచ్చింది మరొకడని తర్వాత తేలింది. అయినా వెలి ఎత్తలేదు. ఎత్తితే తప్పు ఒప్పుకున్నట్టేనని పెద్దల బెంగ. జనం చాటుగా పలకరించేవారు, నలుగురిలో మెడ తిప్పుకునేవారు. సామేలుకు ఆ మెడలే గుచ్చుకునేవి.

అలా పదేళ్లు గడిచాక తెలంగాణ ఉద్యమం ఊరూరా రాజుకుంది. కోరుట్ల రోడ్డు మీదే వండుకుతిని నిరసన తెలిపే వంటావార్పు అన్నారు. వంట గంజులొచ్చాయి, బియ్యమొచ్చాయి. డప్పే లేదు. పక్క ఊరి డప్పులేమో అప్పుడే మోగుతున్నాయి. రామస్వామే స్వయంగా కదిలాడు.

"నాకోసం గాదు సామేలూ, తెలంగాణ కోసం రారాదు."

"అస్త పటేలా. గని నాతోని మాట్లాడద్దని సాటిచ్చిన్రు గద. నువ్వు గూడ వెలిల పడ్తవ్, పైలం!"

"గది ఎప్పుడో పాయెగదరా."

"పోయిందని ఎవలు సాటిన్రు? నేనైతె సాటలే."

"అయితె సాటు, ఎవలద్దన్నరు?"

"ఈసారి డప్పు నాది. నోరు నీది."

పటేలు మొహం మాడిపోయింది. పక్క ఊరి మోత ఇంకా పెరిగింది. ఆయన కండువా సర్దుకుని వీధిలోకి నడిచాడు. వెనక సామేలు డప్పు.

"సామేలు... ఏం తప్పు జెయ్యలే..."

"ఇనవడ్తలేదు పటేలా! నేను గట్లనే సాటిన్నా?"

వాకిళ్లలో ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. మాదిగవాడ దగ్గరికొచ్చేసరికి పటేలుకు గొంతు వచ్చింది. "తప్పు మాది! ఇయ్యాల్టి సంది వెలి లేదు!"

మధ్యాహ్నం రోడ్డు మీద అందరూ ఒకే వరసలో కూర్చుని తిన్నారు. ఒక్క పూట బువ్వతో పదేళ్లు అరుగుతాయా? అరగవు. కానీ ఎవరూ మెడ తిప్పుకోలేదు.

మరుసటి ఏడు కోరుట్ల బస్టాండు పక్కన చాయ్ హోటల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. వాళ్లు కలవడం అదే ఆఖరు. రామస్వామి చాయ్ ముట్టకుండానే అడిగాడు.

"ఇంక కోపమున్నదా సామేలూ?"

"ఉన్నది పటేలా. పోయిన్నాడు నేనే అచ్చి జెప్త. అందాక చాయ్ తాగు, సల్లారుతున్నది."