నీళ్ళు పోసుకోలేదన్న మాట

డాక్టరమ్మ పోయారని మా ఆయన టౌనులో విని వచ్చి చెప్పారు. మా అత్త చేతిలోని చేట పక్కన పెట్టి, "మన డాక్టరమ్మా?" అని రెండుసార్లు అడిగింది.

డాక్టర్లు కాబోయే పిల్లలకు ఆమె పాండిచ్చేరిలో చదువు చెప్పేవారు. వారానికొకరోజు వాళ్ళను వ్యానులో దగ్గరలోని మా తెలుగు పల్లెకు తెచ్చి ఇంటింటికీ పంపేవారు. ఆమె మాట తమిళం. మా ఇళ్ళలో తిరిగి తిరిగి మా తెలుగు కూడా పట్టుకున్నారు. గడప ముందు ఆగి, "లోపలికి రావచ్చా అమ్మా?" అని అడిగేవారు. అంత చదివినామె నన్ను అడగడమేమిటా అనుకుంటూ గబగబా చాప పరిచేదాన్ని.

పెళ్ళయిన ఏడాదికి నాకు దగ్గు పట్టుకుంది. గుంటూరు నుంచి చదువుకు వచ్చిన ఒక అమ్మాయి అన్నీ అడిగి, చివరకు నెలసరి సంగతి అడిగింది. నేను తల వంచుకుని, "మూడు నెల్లుగా నీళ్ళు పోసుకోలా" అన్నాను. ఆమె రాసుకుని, ఎక్స్‌రే తీయించుకోమని చీటీ ఇచ్చింది.

డాక్టరమ్మ చీటీ చూసి, "కడుపుతో ఉందేమో అడిగినావా?" అన్నారు.

"లేదంది మేడమ్. నీళ్ళు పోసుకోలేదని తనే చెప్పింది."

మా అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నీళ్ళు పోసుకోలేదంటే నెల తప్పినట్టు గదమ్మా. ఇంత సదివినావే, యాడ నేర్చినావు తెలుగు?"

గుంటూరులో నీళ్ళు పోసుకుందంటే కడుపుతో ఉన్నట్టట. మా దగ్గర నీళ్ళు పోసుకోవడమంటే నెలనెలా ముట్టు స్నానం, పోసుకోలేదంటే కడుపు. ఆ అమ్మాయి ముఖం తెల్లబోయింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. కడుపులో బిడ్డకు ఎక్స్‌రే కూడదని చీటీ చించి, నన్ను చూపించి, "వైద్యం నేను నేర్పిస్తా. మాట ఈమె దగ్గర నేర్చుకో" అన్నారు. కాన్పయ్యేదాకా వారం వారం ఆ అమ్మాయినే పంపారు. నా కూతురు నిక్షేపంగా పుట్టింది.

అప్పటినుంచి ప్రతి కొత్త జట్టునూ ముందు మా ఇంటికే తెచ్చి, "ఈమె మీ టీచరు" అనేవారు. నాలుగో తరగతితో చదువు మానేసిన నేను తలుపు చాటున నిలబడేదాన్ని. జరిగింది ఆమే చెప్పేవారు. పోతూ పోతూ నాతో, "ఒకరోజు నువ్వే చెప్పాల. తొందరేం లేదు" అనేవారు. ఆమె వినేలా నేను ఒక్కసారీ చెప్పలేకపోయాను.

నిన్న వ్యాను ఆమె లేకుండా వచ్చింది. కొత్త పిల్లలు ఎనిమిదిమంది, ఏ ఇంటికి పోవాలో తెలియక ఎండలో నిలబడ్డారు. నేను బయటికి వచ్చాను.

"రాండి నాయనా, ఒక మాట చెప్తా, రాసుకోండి" అన్నాను.

ఎనిమిది నోటు పుస్తకాలు తెరుచుకున్నాయి.