సముద్రం పామేనన్నాను

కళింగపట్నంలో మా అయ్యది వలల బతుకు. నేను రాజాంలో ఒక ప్రైవేటు కాలేజీలో సైన్సు చెబుతాను. ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనొక్కదాన్నే కాబట్టి అమ్మకూ అయ్యకూ నా మాటంటే గురి. ఆ గురి లేకపోయినా బాగుండేది.

ఆ ఆదివారం పొద్దున్నే అయ్య బోటు ఇంజను పనిమీద వెళ్ళాడు. అమ్మా నేనూ సరుగుడు తోట పక్కన ఇసుకలో కూర్చుని వల బాగుచేస్తున్నాం. ముందురోజు సాయంత్రం ఒడ్డుకు తెచ్చి, టార్పాలిన్ కప్పి వదిలేసిన వల. చిక్కుకున్న పీతల్ని విడదీస్తున్న అమ్మ ఒక్కసారిగా చెయ్యి వెనక్కి లాక్కుంది. చూపుడువేలి మీద రెండు రక్తపు చుక్కలు. వలలో జానెడు పాము మెలికలు తిరుగుతోంది. దాని ఒంటినిండా తడి ఇసుక.

వలలో పడ్డ పామును మావాళ్ళు చంపరు. గంగమ్మ బిడ్డని దండం పెట్టి నీళ్ళలో వదిలేస్తారు. సముద్రపు పాములు వలకు తగలడం మాకు కొత్త కాదు, చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. నేనూ అదే చేశాను. వల కొస పట్టుకుని అలల దాకా ఈడ్చుకెళ్ళి దులిపేశాను. సముద్రపు పాముకి తోక తెడ్డులా ఉంటుంది. దీని తోక ఎలా ఉందో నేను చూడలేదు. అర నిమిషం పని, చూడలేదు.

"ఏలు మండిపోతన్నాదే. ఓపాలి ఆస్పత్రికి ఎల్దుమా?" అంది అమ్మ.

"సముద్రం పామేనమ్మా. అది కరిసినా ఇసం ఎక్కేది తక్కువ. అయినా దానికి ఇక్కడ మందే లేదు. ఎల్లి ఏటి సేస్తావు?" అన్నాను.

ఎక్కడో చదివిందే చెప్పాను. చదివింది తప్పు కాదు, పామే వేరు. అమ్మ వేలికి పసుపు అద్దుకుని మళ్ళీ వల ముందు కూర్చుంది. ఎండెక్కాక ఇంటికొచ్చి ఎండుచేపలు తిరగేసింది. నేను గదిలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. అమ్మ రెండోసారి అడగలేదు. అడిగితే విసుక్కుంటానని తనకు తెలుసు.

అయ్య వచ్చేసరికి మూడు గంటలు దాటింది. అప్పటికి అమ్మ చెయ్యి మోచేతిదాకా వాచి, గాజులు కండలోకి దిగిపోయాయి. రెండుసార్లు వాంతి చేసుకుంది.

"ఒసే, ఇంతసేపు ఏటి సేస్తన్నారే ఇద్దరూ!" అని అయ్య అరిచాడు. అమ్మను ఆటోలో వేసుకుని దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి పరిగెత్తాం.

డాక్టరమ్మ ఏం పామని అడిగింది. సముద్రం పామేనన్నాను, అప్పుడు కూడా.

"మా దగ్గరున్న మందు నాలుగు రకాల నేల పాములకే పనిచేస్తుంది. సముద్రపు పామైతే దీంతో లాభం లేదు, పైగా రియాక్షన్ వస్తే ప్రమాదం. మీరు కళ్ళారా చూశారా?"

"చూశాను" అన్నాను.

ఆమెకు నమ్మకం కుదరలేదు. ఈ వాపు నేల పాముది లాగే ఉందంటూ అమ్మ రక్తం కొంచెం తీసి గాజు గొట్టంలో పోసి, కదపకుండా నిలబెట్టింది. ఇరవై నిమిషాలకు కూడా గడ్డకట్టకపోతే అది రక్తపింజరి పనేనని, వెంటనే మందు మొదలుపెడతానని చెప్పింది.

గడ్డకట్టకూడదని గంగమ్మకు మొక్కాను. కన్నతల్లి రక్తం పాడైపోయి ఉండాలని మొక్కుకున్న కూతురు ఈ లోకంలో ఇంకొకతి ఉంటుందా? గడ్డకడితే నేను చెప్పిన సముద్రపు పామే మిగులుతుంది, దానికి మందు లేదు. గడియారం కదలదు. అమ్మ చిగుళ్ళ నుంచి రక్తం కారడం మొదలైంది. చున్నీతో తుడుస్తుంటే మళ్ళీ వస్తోంది.

డాక్టరమ్మ గొట్టం వంచింది. రక్తం నీళ్ళలా జారింది.

"హమ్మయ్య!" అని పైకే అనేశాను. అయ్య నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

పది సీసాల మందు సెలైన్లో కలిపి ఎక్కించారు. మధ్యలో అమ్మకు దద్దుర్లు, వణుకు. ఆపి, ఇంజెక్షనిచ్చి, మళ్ళీ మొదలుపెట్టారు. అక్కణ్ణుంచి అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపారు. ఆరు గంటల తర్వాత మళ్ళీ రక్తం పరీక్షించి, నర్సు గొట్టాన్ని తలకిందులు చేసి మాకు చూపించింది. రక్తం కదల్లేదు. అయ్య ఆవిడకు రెండు చేతులూ జోడించాడు.

కానీ మంచం కింద వేలాడుతున్న మూత్రం సంచీలో చుక్క లేదు. విషం అప్పటికే కిడ్నీల మీద పడిందన్నారు. రెండుసార్లు డయాలసిస్ చేశారు. నాలుగోనాడు మధ్యాహ్నం అమ్మ పోయింది.

వార్డు బయట బల్ల మీద కూర్చుని అయ్య అడిగాడు. "మందు పన్జేసిందన్నారు గదే. రగతం గడ్డకట్టినాది, నాను సూసినాను. మరేల సచ్చిపోనాది?"

"మందు పన్జేసిందయ్యా. ఎక్కించడమే ఆలీసమైపోనాది."

అయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మీ యమ్మ ఎప్పుడూ ఇంతే. ఎంత నొప్పైనా నోరిప్పదు. ఆస్పత్రికి ఎల్దుమని ఒక్క మాట అడిగుంటే నువ్వు తీసుకెల్లవా ఏటి?"

"తీసుకెల్దునయ్యా" అన్నాను.