ముందుగాల దిగు మామా

నిన్న హాల్లో ఫ్యాను తుడుద్దామని ప్లాస్టిక్ స్టూలు ఎక్కాను. దానికి నాలుగు కాళ్ళున్నా నేలకు ఆనేవి మూడేనన్నది మా ఇంట్లో అందరికీ తెలుసు. కొత్తగా పెళ్ళయిన మా అల్లుడు చూసి లేచి నిలబడ్డాడు, గొంతు సవరించుకున్నాడు, వంటింట్లోకి వెళ్ళి, మామయ్యగారు కాస్త జాగ్రత్తగా ఉంటే బాగుంటుందేమోనని మా ఆవిడకు విన్నవించుకున్నాడు. ఆవిడ పప్పు కలుపుతూ ఆ మాట అమ్మాయికి అందించింది. అది నాదాకా వచ్చేలోగా నేను రెండు రెక్కలు తుడిచి, మనసులోనే ఖతర్ వెళ్ళి వచ్చాను.

అక్కడ ఊరు ఊరంతా ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం తవ్వకాల్లో ఉన్న రోజులవి. పొద్దున వెళ్ళిన రోడ్డు సాయంత్రానికి ఉండేది కాదు గనుక అల్ అజీజియాలోని ఇంటికి రోజుకో దారిన చేరేవాణ్ణి. కొత్త స్టేడియం సైటులో ఇంజనీరుని. పై అంచె గ్యాలరీకి ఇనుప గొట్టాలతో స్కాఫోల్డింగ్ కట్టేవాళ్ళలో జగిత్యాల వైపు పెద్దాయన ఒకాయన ఉండేవాడు. గల్ఫ్‌లోనే తల నెరిసి, మనం వరండాలో పచార్లు చేసినట్టు గొట్టాల మీద తిరిగేవాడు. ఆయన కూతుర్ని చేసుకున్న కుర్రవాడు డిప్లొమా చదివి, సేఫ్టీ ఆఫీసరుగా మా సైటుకే వచ్చాడు. అందరం సంతోషించాం. అక్కడే పొరబడ్డాం.

అంతవరకు బుద్ధిగా సేఫ్టీ బెల్టు హుక్కు గొట్టానికి తగిలించుకునే మామ, అల్లుడు కనబడగానే దాన్ని ఊడదీసేవాడు. ఎందుకని అడిగితే, "అల్లుని ముంగట కట్టేసిన కోడె లెక్క నిలవడాల్నా సార్?" అన్నాడు. పిల్లనిచ్చిన మామను పదిమందిలో మందలించలేక అల్లుడు ఆ వైపు వెళ్ళడమే తగ్గించేశాడు. భూమికి అంత ఎత్తున, మర్యాద తప్ప ఆ మనిషిని పట్టుకుని ఉన్నదేమీ లేదు. చివరికి రాయబారం నాకు పడింది. ముగ్గురం ఒకే పలక మీద నిలబడి ఉండగా, మామను హుక్కు పెట్టుకొమ్మనండని అల్లుడు నాతో అనేవాడు; అల్లుడి మాట జవదాటనని చెప్పండని మామ నాతో అనేవాడు. హుక్కు మాత్రం నడుముకే వేలాడేది.

ఒక మధ్యాహ్నం దుమ్ముగాలి లేచింది. అందర్నీ దించడానికి పైకెక్కిన అల్లుణ్ణి చూడగానే, అంచున గొట్టం బిగిస్తున్న మామ అలవాటుకొద్దీ హుక్కు తీసేశాడు. అంతలో గాలి ఒక్క విసురు విసిరింది. మనిషి తూలి, చేతికందిన గొట్టాన్ని కావలించుకున్నాడు. అల్లుడు నా కోసం చూడలేదు.

"హుక్ పెట్టు! పెట్టి ముందుగాల దిగు మామా! నీ బిడ్డకు నేనేం చెప్పాలె?"

తెలుగు రానివాళ్ళు కూడా హుక్కులు తడుముకున్నారు. మామ పెట్టుకున్నాడు, దిగాడు. అక్కడికక్కడే అల్లుడు ఆయన్ని ఎత్తు పని మాన్పించి కింద గొట్టాలు సర్దే డ్యూటీకి వేశాడు.

మన లోకంలో అలిగే హక్కు అల్లుడిది. ఇక్కడ మామ అలిగాడు. అల్లుడు ఎదురైతే ముఖం తిప్పుకుని గొట్టాలతో మాట్లాడేవాడు. ఊళ్ళోంచి అత్తగారు ఫోను చేసి, దుబాయ్ పోయి మామ ఇజ్జత్ తీస్తావా అని నిలదీసిందట. ఇది దుబాయ్ కాదని చెప్పే ధైర్యం కూడా పాపం ఆ కుర్రాడికి లేకపోయింది.

ఒక శుక్రవారం నజ్మాలోని తెలుగు మెస్సులో నేనూ ఆ కుర్రాడూ భోంచేస్తుంటే మామ వచ్చాడు. అల్లుడి ఎదుట ఏనాడూ కూర్చోని మనిషి కుర్చీ లాక్కున్నాడు. అల్లుడు లేవబోయాడు.

"కూసో. నిన్న బిడ్డ ఫోన్ల ఏడ్సింది. నువ్వు తిట్టినందుకు కాదట, తిట్టకుంటె ఏమయితుండెనో అని." కోడికూర గిన్నె అల్లుడి వైపు జరిపాడు. "పైనుంటె సారువి. కింద కూసున్నంక అల్లునివే. ముక్కలేసుకో."

మళ్ళీ ఎత్తు పనికి వేశాక, అల్లుడు కనబడితే చాలు, మామ హుక్కును రెండుసార్లు లాగి మరీ చూపించేవాడు.

పోటీలయ్యాక ఆ పై అంచెను విప్పేయాలన్నది మొదట్నుంచీ ఉన్న ఏర్పాటే. విప్పేశారని విన్నాను. ఆ కేక వినబడిన చోట ఇప్పుడు గాలి తప్ప ఏమీ ఉండదు. మన ఇళ్ళల్లోనూ అలాంటి కేకలు తగ్గాయి. పిల్లలు బాగా చదువుకున్నారు, ఎవరి మనసూ నొప్పించరు.

మూడో రెక్క తుడిచాక కూడా, హాల్లోకి తిరిగొచ్చి చేతులు నలుపుకుంటున్న మా అల్లుణ్ణి చూస్తూ కాసేపు స్టూలు మీదే ఆగాను. స్టూలు ఒకసారి ఊగింది. అతని నోరు తెరుచుకుంది, మళ్ళీ మూసుకుంది.

అమ్మాయి వచ్చి, నాన్నా, నువ్వు దిగితే బాగుంటుందేమోనని ఆయన అంటున్నారు అంది.

దిగాను.